కొలువు - కాయకము

నాగర్‌కర్నూల్ ప్రాంతపు ఎర్రనేలలలో ఆముదము పాతకాలపు పంట. తొలకరి కురిసిన కొలది దినములకే నేలలో దాగిన కోశములనుండి రెక్కల పురుగులు వెలువడి గ్రుడ్లు పెట్టును. వాటినుండి పుట్టిన ఎర్ర గొంగళిపురుగులు లేత మొక్కలను తినివేసి, దండు కట్టి ప్రక్క చేనికి సాగును. ఒంటినిండ నూగు పెరిగిన పురుగుపై మందు సరిగా పనిచేయదు. కాని రెక్కల పురుగు వెలుగునకు వచ్చును. తొలి వానల రాత్రులలో చేల గట్లపై మంటలు వేసినచో అది అందులో పడి నశించును. పురుగు ప్రాకు దారిలో కందకము త్రవ్వి, జిల్లేడు కొమ్మలు పరచినచో అక్కడనే చిక్కును. అయితే ఒక్క రైతు మంట వేసిన ఫలమేమి? పొరుగు చేనిలో పుట్టినది రేపు అతని చేనికే వచ్చును. ఊరంతయు ఒక్కటైననే ఈ విద్య ఫలించును.

1990 దశకపు తొలినాళ్లలో తెలంగాణ మెట్ట గ్రామములలో స్వచ్ఛంద సంస్థలు, శాస్త్రజ్ఞులు కలసి ఈ పద్ధతిని రైతులచేత ఆచరింపజేసిరి. పురుగుమందు లేని సేద్యమునకు అది యొక నాంది. ఆ త్రోవను ముందుకు సాగించినవారిలో డాక్టరు జి. వి. రామాంజనేయులు గారు ఒకరు. వారు రాజేంద్రనగరులోని నూనెగింజల పరిశోధన సంచాలనాలయములో శాస్త్రవేత్తగా ఉండిరి. ఆముదముపై పరిశోధన సాగించు కేంద్ర ప్రభుత్వ సంస్థ అదియే. ఆ కొలువు వదలి, 2004లో నెలకొన్న సుస్థిర వ్యవసాయ కేంద్రము బాధ్యతను స్వీకరించిరి. 2005 తరువాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ, మహిళా సంఘముల ద్వారా ఈ సేద్యమును వేలాది గ్రామములకు చేర్చినపుడు ఆ కేంద్రము తోడు నిలిచినది.

ఇచట ఒక ధర్మసందేహము కలుగును. కాయకము పవిత్రమని శరణుల మతము. చేపట్టిన వృత్తిని నడుమ వదలుట కాయకభంగము కాదా? బసవేశ్వరుడు బిజ్జలుని భండారమునకు అధిపతిగా ఉండియే జంగమ దాసోహము నడపెను గదా! కొలువులోనుండి సేవ చేయవచ్చుననుటకు వేరు తార్కాణమేల?

ఈ ప్రశ్నను త్రోసివేయరాదు. కొలువు వదలుటయే త్యాగమనియు, కొలువులోనున్నవారు స్వార్థపరులనియు తలచుట పొరపాటు. ప్రయోగశాలలో విత్తనమును మెరుగుపరచువాడును కాయకమే చేయుచున్నాడు. అతడు లేనిచో పల్లెకు కొనిపోవుటకు విద్యయే ఉండదు. మరియు నెలజీతము వదలిన బరువును ఇంటివారును మోయవలెను. అందరికిని అది సాధ్యము కాదు.

అయినను ఆయ్దక్కి మారయ్య కథ మరువరానిది. కల్యాణములో రాలిన బియ్యపు గింజలు ఏరుట ఆ శరణుని కాయకము. ఒకనాడు అవసరమునకు మించి తెచ్చినపుడు ఇల్లాలు లక్కమ్మ, మిగులు మనది కాదని, తెచ్చిన చోటనే వేసి రమ్మని పంపెను. ఆమె కాయకమును తప్పుపట్టలేదు. ఫలము నిలిచిపోయిన చోటును తప్పుపట్టినది. చదువు విషయమున ఈ మాట మరింత బరువైనది. శాస్త్రవేత్త చదువులో ప్రజల పన్ను ఉన్నది. అందులో ఆముదపు రైతు కొన్న సబ్బుబిళ్లపై చెల్లించినదియు కలదు. ఆ విద్య నివేదికలలో నిలిచి, ఆ రైతు అప్పుచేసి మందు డబ్బా కొనుచున్నచో, గింజ ఒడిలో మిగిలిపోయినట్లే.

కావున నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల పల్లెలనుండి విజ్ఞానశాస్త్రము చదువబోవు పిల్లలు తమను తాము అడుగవలసినది కొలువా, పల్లెయా అని కాదు. తమ పని ఎక్కడ ఆగిపోవుచున్నదని. కూర్చున్న చోటినుండియే అది చేరునెడల అక్కడనే ఉండుట ధర్మము. నడుమ ఆగినచో లేచి నడచుట ధర్మము. నడచిపోయినవాడును, "మా చేనిలో అది పనిచేయలేదయ్యా" అని రైతు అన్నపుడు విని తన లెక్క దిద్దుకొనవలెను. అట్లు చేయనిచో కొలువు వదలినను పెద్దరికము వదలనివాడే యగును. అతనిది దాసోహము కాదు.

చదువుకొన్నవాడు వేసిన మంట మొదటిది కావచ్చును. పంట దక్కవలెనన్న ప్రక్క గట్టు మీది మంటయు వెలుగవలెను.