లోగోడ మీది రంగు

నీలి వస్త్రం పక్కన పెడితే స్ఫటికం నీలంగా కనిపిస్తుంది. ఆ నీలం స్ఫటికానిది కాదు, వస్త్రం తీసేస్తే పోతుంది. ఆత్మను స్ఫటికంతో పోల్చే శంకరుల ఆత్మబోధలోని ఈ ఉపమానం వేదాంతం చదివినవారికి కొత్తది కాదు. మరి రంగు స్ఫటికం లోపలే ఉంటే? చైనా వారి ముక్కుపొడుం బుడ్లు చూస్తే ఈ శంక రాక మానదు.

ఛింగ్ వంశం ఏలుబడిలో పొడుం పీల్చడం తలనొప్పికీ జలుబుకూ మందు. బుడ్డి అరచేతిలో ఇమిడిపోతుంది, మూతకే సన్నని చెంచా ఉంటుంది. కాంగ్‌షీ చక్రవర్తి 1696లో కిలియన్ స్టుంఫ్ అనే జర్మన్ జెసూట్ చేత బీజింగులో గాజు కార్ఖానా పెట్టించాడు. గాజువే కాక జేడ్, పింగాణీ, అగేటు బుడ్లూ ఉన్నాయి. వాటి పైన తీర్చినవి చాలావరకు కోరికలే. చేప సమృద్ధికి గుర్తు, ఐదు గబ్బిలాలు ఐదు భాగ్యాలకు. గబ్బిలం ఇంట్లో దూరితే అపశకునమనుకునే మనకు ఇది వింతే, కానీ వాళ్ల నోట గబ్బిలానికీ భాగ్యానికీ ధ్వని ఒక్కటే. ఆ ఐదు ఏవంటే ఆయుష్షు, సంపద, ఆరోగ్యం, శీలం మీద ప్రీతి, అనాయాస మరణం. నాలుగోదాని దగ్గర ఎవరైనా కాస్త ఆగాలి. అడిగింది శీలాన్ని కాదు, దాని మీద ఇష్టాన్ని. మంచి చేయడం మన చేతిలో పని, మంచి రుచించడం మాత్రం ఎవరో ఇవ్వాల్సిందేనని కాబోలు.

ఇవన్నీ పైపై కోరికలు, పక్కన పెట్టిన వస్త్రం లాంటివి. 19వ శతాబ్దిలో కొందరు చిత్రకారులు బుడ్డి లోపలికి వెళ్లారు. ఝౌ లెయువాన్ కొండలూ ఏరులూ గీశాడు, మా షావోషువాన్ మనుషుల ముఖాలు గీశాడు. పని తీరే ఒక తపస్సు. వేలు దూరని మూతిలోంచి కొన వంచిన వెదురు కలం దించాలి. చేయి చేసేది లోపల, కన్ను చూసేది బయటినుంచి. అక్షరాలు అద్దంలోలా తిరగేసి రాయాలి. మామూలు పటంలో తరువాతి గీత ముందుదాన్ని కప్పేస్తుంది, ఇక్కడ మొదట పడ్డదే చూసేవాడికి ముందుంటుంది. తొలి గీత తప్పితే పైన ఎన్ని పూతలు పూసినా అది దాగదు. బాల్యంలో పడ్డ సంస్కారాలు ఎందుకంత మొండివో దీన్ని చూస్తే తెలుస్తుంది.

ఇంకో సంగతి ఉంది. నున్నని గాజు సిరాను పట్టదు. అందుకే ముందు బుడ్డిలో ఇనుప రజను, నీళ్లు పోసి బాగా కుదిపి, లోగోడను గరుకు చేస్తారు. అప్పుడే రంగు నిలుస్తుంది. వాసనలు, అంటే పాత అనుభవాల ముద్రలు, అంటుకునేదీ గరుకుబారిన మనసుకే.

అయితే ఉపమానం ఇక్కడే తెగుతుంది. ఆత్మకు గీత పడుతుందంటే శాస్త్రం ఒప్పుకోదు. కనుక రాపిడి పడ్డ ఆ లోగోడను అంతఃకరణమనే అనుకోవాలి. వస్త్రం ఎంత పరాయిదో లోపలి కొండా అంతే పరాయిది, కాకపోతే మరింత దగ్గరది. మనం ‘నా లోపల’ అని చెప్పుకునే దుఃఖాలూ ఇష్టాలూ కూడా ఆ గోడ మీదివే. ఆ సిరా నీళ్లకు కరుగుతుంది. స్ఫటికం కరగదు.