రాజీపడే స్వేచ్ఛ

ఒకే సినిమా చూసిన నలుగురు నాలుగు రకాలుగా మాట్లాడితే, "లోకో భిన్నరుచిః" అని ఊరుకోవటం మనకు అలవాటు. రుచి అనే మాట వాడగానే విచారణ ఆగిపోతుంది. ఒకరికి వంకాయ కూర ఇష్టం, మరొకరికి కాదు. దానికి కారణాలు ఎవరూ అడగరు. కాని సినిమా వంకాయ కూర కాదు. సినిమాను గురించి అభిప్రాయం చెప్పే మనిషి, తనకు తెలియకుండానే, తాను ఎక్కడ నిలబడి బతుకుతున్నదీ చెబుతాడు. హాస్యచిత్రాల విషయంలో ఇది మరీ నిజం. దుఃఖాన్ని నటించటం అంత కష్టం కాదు గాని, నవ్వు రానిచోట మనస్ఫూర్తిగా నవ్వటం ఎవరి తరమూ కాదు. నవ్వు ఒక సాక్ష్యం. దాన్ని సాక్ష్యంగానే పరిశీలించాలి.

ఇందుకు నేను చాలా తేలికగా కనిపించే వస్తువునే తీసుకుంటున్నాను: ఒకే కేసులో చెరొక పక్షానా నిలబడిన ఇద్దరు వకీళ్ల ప్రేమకథ. హాలీవుడ్‌లో 1949లో 'ఆడమ్స్ రిబ్' అనే చిత్రం వచ్చింది. దర్శకుడు జార్జ్ క్యూకర్. రచన చేసిన రూత్ గార్డన్, గార్సన్ కానిన్ నిజజీవితంలోనూ భార్యాభర్తలే. డోరిస్ అనే ఇల్లాలు, ముగ్గురు పిల్లల తల్లి, మరొక స్త్రీతో వున్న మొగుణ్ణి పిస్తోలుతో కాలుస్తుంది. అతడు గాయంతో బయటపడతాడు. ప్రభుత్వం తరపున వాదించే వకీలు ఆడమ్. డోరిస్ తరపున వకాల్తా పుచ్చుకున్నది అతని భార్య అమాండా. పగలు కోర్టులో వాదన, రాత్రి ఇంట్లో అదే వాదన. మన తెలుగులో 2005లో వచ్చిన 'రాధాగోపాలం' కూడా ఇదే ఇరుసు మీద తిరుగుతుంది. ముళ్లపూడి వెంకటరమణ రాయగా బాపు తీసిన ఈ చిత్రంలో శ్రీకాంత్, స్నేహ వకీళ్లయిన దంపతులు. అక్కడా కోర్టులో పోటీ, ఇంట్లో పౌరుషం, చివరకు సమాధానం.

ఈ రెండు చిత్రాలనూ మా తెలకపల్లిలో కొందరం కలిసి చూశాం. ఇంగ్లీషు చిత్రం నడుస్తుంటే మాలో ఒకరు తెలుగులో చెబుతూ వచ్చారు. తర్వాత చాలాసేపు మాట్లాడుకున్నాం. ఆ మాటల్లో నాలుగు అభిప్రాయాలు నాకు ముఖ్యంగా తోచాయి.

లెక్కల మాస్టారొకరు హాయిగా నవ్వుకున్నానన్నారు. మొగుడూ పెళ్లాల తగాదాకు సిద్ధాంతాలెందుకు, తెల్లారితే అన్నీ సర్దుకుంటాయి, అదే సంసారంలోని అందం అని ఆయన వాదం. డిగ్రీ చదువుతున్న కుర్రవాడు దీన్ని పూర్తిగా తోసిపుచ్చాడు. ఇది తిన్నది అరిగిన వాళ్ల కలహమనీ, ఇలాంటి బొమ్మలు ప్రజల దృష్టిని అసలు సమస్యల నుంచి మళ్లిస్తాయనీ అన్నాడు. మూడో అభిప్రాయం నాగర్‌కర్నూల్ కోర్టులో ప్రాక్టీసు చేస్తున్న ఒక యువతిది. ముగింపు ఎలావున్నా సరే, నిండు కోర్టులో ఒక స్త్రీ తన వాదనతో కేసు గెలవటం చూడటమే తనకు గొప్పగా వుందన్నది. నాలుగో మనిషి పెద్దగా చదువుకోలేదు. మొగుడితోపాటు మేస్త్రీ వెంట వలసపోయి, కాలువ పనుల్లో మట్టి గంపలు మోసి వచ్చింది. అమాండా సాక్షిగా పిలిపించిన స్త్రీ ఒకతె, సర్కసులో బరువులెత్తేది, ఆడమ్‌ను అమాంతంగా పైకెత్తే ఘట్టం దగ్గర అందరికన్నా బిగ్గరగా నవ్వింది ఈమే. చివరలో భార్యాభర్తలు కలుసుకున్నప్పుడు మాత్రం నవ్వలేదు. "కోర్టు అయినంక యాడికి పోతది? మళ్ల ఆ ఇంటికే గద పోవాలె," అన్నది.

యువ న్యాయవాది సంతోషం చిన్నది కాదు. మా పాలమూరు ప్రాంతానికి వకీళ్లు కొత్త కాదు. బూర్గుల రామకృష్ణారావు న్యాయవాద వృత్తి నుంచే రాజకీయాల్లోకి వచ్చి 1952లో హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యాడు. 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టిన సురవరం ప్రతాపరెడ్డి కూడా న్యాయశాస్త్రం చదివినవాడే. అయితే ఆ కాలపు కోర్టులో వాదించేవాడూ మొగవాడే, ఎదురు వాదించేవాడూ మొగవాడే, తీర్పు చెప్పేవాడూ మొగవాడే. ఆడది కక్షిదారు మాత్రమే. ఆడదయిన కారణంగా ఎవరినీ న్యాయవాద వృత్తికి దూరంగా వుంచరాదని బ్రిటిషిండియాలో చట్టం వచ్చింది 1923లో. ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు మొదటి మహిళా న్యాయమూర్తిగా అమరేశ్వరి వచ్చింది 1978లో. ఈ చరిత్ర తెలిసినవాళ్లు, తెరమీద అమాండా గెలుపును చూసి సంబరపడిన యువతిని తక్కువ చెయ్యరు.

ఇక అమాండా వాదన సంగతి. ఇల్లు కాపాడుకోటానికి మొగవాడు తుపాకీ పడితే లోకం అర్థం చేసుకుంటుంది. ఆ అర్థం చేసుకోవటం ఆడదానికి ఎందుకు లేదు? ఇదే ఆమె ప్రశ్న. ఈ దంపతుల స్థానంలో భర్తను ఆడదిగా, భార్యను మొగవాడుగా ఊహించుకొమ్మని జ్యూరీని అడుగుతుంది. ఆడమ్ జవాబు సూటిగా వుంది: చట్టం చట్టమే, ఎవరినీ కాల్చే హక్కు ఎవరికీ లేదు.

విడిగా తీసుకుంటే ఆడమ్ మాటే సరయినది. హత్యాయత్నంలో సమానత్వం సమానత్వం కాదు. కాని అమాండా చట్టాన్ని విడిగా తీసుకోవటం లేదు, అది అమలవుతున్న తీరులో తీసుకుంటున్నది. ఆమె ప్రశ్న అమెరికాకే పరిమితం కాదు. బొంబాయిలో 1959లో నానావతి అనే నౌకాదళాధికారి తన భార్య ప్రియుణ్ణి కాల్చి చంపితే, జ్యూరీలో 9 మందిలో 8 మంది అతడు నిర్దోషి అన్నారు. జనం అతన్ని వీరుణ్ణి చేశారు. హైకోర్టు ఆ నిర్ణయాన్ని తోసి యావజ్జీవ శిక్ష వేసింది. సుప్రీంకోర్టు 1961లో ఆ శిక్షను ఖాయపరిచింది. 1964లో క్షమాభిక్ష దొరికింది. అతని స్థానంలో ఒక భార్య వుండి, భర్త ప్రియురాలిని కాల్చివుంటే, జనం ఆమెకు జేజేలు కొట్టేవారా? కాగితం మీది చట్టం సంగతీ అంతే. 1860 నాటి శిక్షాస్మృతిలోని 497వ సెక్షను ప్రకారం భార్యతో సంబంధం పెట్టుకున్న పరాయివాడి మీద భర్త కేసు పెట్టవచ్చు. భర్త అడ్డదారి తొక్కితే ఫిర్యాదు చేసే హక్కు భార్యకు లేదు. భర్త అనుమతి వుంటే అసలు నేరమే లేదు! భార్యను ఆస్తిగా చూసిన ఈ సెక్షనును సుప్రీంకోర్టు కొట్టివేసింది 2018లో. అంతదాకా "చట్టం చట్టమే" అన్న ఆడమ్ మాట మన దేశంలో సగం నిజం మాత్రమే.

ఈ వాదాన్ని సినిమా ఎలా ముగిస్తుంది? అమాండా కేసు గెలుస్తుంది. ఆ తర్వాత ఆడమ్ పొరుగువాడి గదిలో వున్న భార్య ముందు పిస్తోలు ఎక్కుపెడతాడు. ఆమె భయంతో, ఇలా చేసే హక్కు నీకు లేదు, ఎవరికీ లేదు అంటుంది. ఆ మాట తన నోటినుంచి రాగానే అతడు పిస్తోలును కొరికి తినేస్తాడు, అది మిఠాయి. కోర్టులో ఓడినవాడు ఇంట్లో గెలిచాడు. తర్వాత ఇద్దరూ ఆస్తి లెక్కలు చూసుకుంటున్నప్పుడు, కలిసి కొనుక్కున్న పల్లెటూరి ఇంటి ప్రస్తావన వస్తే, ఆడమ్ కన్నీరు పెట్టుకుంటాడు. ఆమె మనసు కరుగుతుంది. ఆ కన్నీరు కావాలని తెప్పించుకున్నదని అతడే ఆఖరున ఒప్పుకుంటాడు.

మాస్టారు నవ్వింది ఇక్కడే. మట్టిపని చేసిన ఆమె నవ్వు ఆగింది కూడా ఇక్కడే. ఈ తేడా రుచిభేదం కాదు. "తెల్లారితే అన్నీ సర్దుకుంటాయి" అనే మాటలో క్రియకు కర్త లేడు. అన్నీ వాటంతట అవే సర్దుకోవు, ఎవరో సర్దుకుపోతారు. సర్దుకుపోయే అవసరం ఎప్పుడూ రానివాడికి ఆ కర్త కనిపించడు. ఏటేటా సర్దుకుపోయిన మనిషికి మొట్టమొదట కనిపించేది ఆ కర్తే.

మన చట్టంలో దీనికి ఒక పేరు కూడా వుంది: దాంపత్యహక్కుల పునరుద్ధరణ. 1955 నాటి హిందూ వివాహచట్టంలో 9వ సెక్షను. సరైన కారణం లేకుండా విడిగా వుంటున్న భార్యను గాని భర్తను గాని తిరిగి కాపురానికి రమ్మని కోర్టు డిక్రీ ఇవ్వవచ్చు. ఇది మన ధర్మశాస్త్రాల్లోంచి వచ్చింది కాదు, ఇంగ్లండు నుంచి వచ్చింది. ఇంగ్లండు దాన్ని 1970లో రద్దు చేసుకున్నది. 11వ ఏట పెళ్లయిన రఖ్మాబాయిని భర్త ఇంటికి పొమ్మనీ, పోకపోతే ఆరు నెలల జైలనీ బొంబాయి హైకోర్టు 1887లో ఆజ్ఞాపిస్తే, ఆమె జైలుకే పోతానన్నది. చివరకు 1888లో భర్తకు 2000 రూపాయలిచ్చి బయటపడింది. తర్వాత లండనులో వైద్యం చదివి డాక్టరయింది. అదీ రాజీయే, డబ్బు పెట్టి కొనుక్కున్న రాజీ.

సినీనటి సరిత మీద భర్త వేసిన ఇటువంటి దావాలో, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి పి.ఎ. చౌదరి 1983లో ఈ 9వ సెక్షను రాజ్యాంగవిరుద్ధమన్నాడు. ఇష్టంలేని కాపురానికి ఒక మనిషిని బలవంతాన తోలటం ఆ మనిషి శరీరం మీదా, ఏకాంతం మీదా దాడి. పైకి ఇద్దరికీ సమంగా కనిపించినా భారం పడేది ఎక్కువగా స్త్రీ మీదనే అని ఆయన తర్కం. 1984లో సుప్రీంకోర్టు మరొక కేసులో దీన్ని అంగీకరించక, వివాహబంధాన్ని నిలబెట్టే సాధనంగా ఆ సెక్షనును సమర్థించింది. ఇక్కడే సినిమా కథకూ చట్టానికీ చుట్టరికం బయటపడుతుంది. ఆఖరి రీలులో భార్య తిరిగి రావాలని ప్రేక్షకుడు కోరుతాడు. ఆఖరి వాయిదాలో తిరిగి రావాలని చట్టం కోరుతుంది. శుభం కార్డు కూడా ఒక డిక్రీయే.

అయితే భార్యాభర్తలు రాజీపడటమే తప్పా? కాదు. ఇద్దరు మనుషులు కలహించి, ఆలోచించి, మళ్లీ కలవటం కన్నా మంచి సంగతి లోకంలో కొద్దిగానే వుంటుంది. కాని రాజీకి నీతివిలువ రావాలంటే ఒక షరతు వుంది: రాజీపడకుండా వుండే హక్కు కూడా ఆ మనిషికి వుండాలి. పోగలిగి పోకుండా వున్నవాడిది ప్రేమ. పోలేక వుండిపోయినవాడిది ఖైదు. ఖైదులో వున్నవాడు చిరునవ్వు నవ్వినంతమాత్రాన అది ఇల్లు కాదు.

ఈ షరతుతో చూస్తే అమాండా రాజీ నిజమయినదే. ఆమెకు వృత్తి వుంది, రాబడి వుంది, ఆ పల్లెటూరి ఇంట్లో వాటా వుంది. ఆ దొంగ కన్నీటిని క్షమించటం ఆమె ఔదార్యం; క్షమించకపోయినా ఆమె వీధిన పడదు. మరి డోరిస్? ఆమెకు వృత్తి లేదు, ముగ్గురు పిల్లలున్నారు. తీర్పు తర్వాత ఆమె బతుకు ఎలా సాగుతుందన్నది సినిమాకు పట్టదు. ఆమె కేసు, వకీలు దంపతుల అనురాగానికి ఒక సందర్భం అయింది. పేదరాలి గాయం మీద మధ్యతరగతి దాంపత్యం తన బలాన్ని పరీక్షించుకుంది. ఈ చిత్రంలోని లోపం ముగింపు సుఖాంతం కావటంలో లేదు; ఆ సుఖాంతం ఒక జంటకే దక్కటంలో వుంది.

మా విద్యార్థి మిత్రుడికి నా జవాబు కూడా ఇదే. "బూర్జువా సినిమా" అని చీటీ అంటించటం విమర్శ కాదు, విమర్శను తప్పించుకోవటం. కుటుంబంలో స్త్రీ బానిసత్వానికి మూలం ఆర్థికమని ఎంగెల్స్ 1884లోనే రాశాడు. ఇంటి తగాదా అసలు సమస్య నుంచి దృష్టి మళ్లించేది కాదు, అసలు సమస్యలో ఒక భాగం. ఆ సంగతిని ఈ కుర్రవాడు పుస్తకంలో చదివి కూడా తెరమీద గుర్తుపట్టలేదు. మట్టి గంపలు మోసిన మనిషి ఏ పుస్తకమూ చదవకుండానే గుర్తుపట్టింది. ఒకచోట నవ్వి, ఒకచోట నవ్వకపోవటమే ఆమె విమర్శ. మొగవాణ్ణి పైకెత్తిన స్త్రీని చూసినప్పుడు, తన భుజబలానికి మొదటిసారిగా గౌరవం దొరికింది. ముగింపు దగ్గర, ఆ భుజబలానికి కూలి చేతికందితే తప్ప తనకు దారి లేదని గుర్తుకువచ్చింది.

కనక విద్యార్థులకూ ఉపాధ్యాయులకూ నేను చెప్పేది ఒక్కటి. హాస్యచిత్రాలను చూడండి, నవ్వండి, నవ్వినందుకు సిగ్గుపడకండి. కాని నవ్వు ఆగిన మనిషి పక్కన వుంటే, ఆ మనిషికి రసజ్ఞత లేదని తీర్పు చెప్పకండి, కారణం అడగండి. శుభం కార్డు పడ్డప్పుడు, తిరిగి వచ్చిన మనిషికి తిరిగి రాకుండా వుండగల స్తోమత వుందా అని కూడా అడగండి. ఆ స్తోమత ఇచ్చేవి చేతికందే కూలీ, పేరుమీద వున్న గుంట భూమీ, చదువూ, వృత్తీ. అవి అందరు స్త్రీలకూ దక్కేదాకా మన సుఖాంతాలలో సగం వట్టి డిక్రీలే.