వీడ్కోలు కూడా ధమ్మ సాధనే



మన ఇళ్ళలోకి ఇప్పుడొక కొత్త దుఃఖం వచ్చింది. మన తాతలకు ఈ దుఃఖం తెలియదు. వాళ్ళ రోజుల్లో పిల్లలు బడి గడప తొక్కడమే గొప్ప. ఇవాళ మన పిల్లలు పైచదువులకు అమెరికా, ఇంగ్లండ్, జర్మనీ పోతున్నారు. శంషాబాద్ విమానాశ్రయంలో బిడ్డ ట్రాలీ తోసుకుంటూ లోపలికి వెళ్ళిపోతుంది. మనం బయట నిలబడి, బిడ్డ కనపడకపోయినా ఇంకా చెయ్యి ఊపుతూనే ఉంటాం.

నిరుడు మా అమ్మాయి వెళ్ళింది. ముందురోజు పక్కింటివాళ్ళు వచ్చి, "రాహుకాలం చూసుకోండి, కారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టండి" అన్నారు. 22 ప్రతిజ్ఞలు చేసిన మనిషిని నేను. అయినా సిగ్గు విడిచి చెబుతున్నాను, సాయంత్రం బజారుకు పోయి నాలుగు నిమ్మకాయలు కొనుక్కొచ్చాను. మా ఆవిడ చూసింది. ఏమీ అనలేదు. వాటిని కోసి, నీళ్ళలో పిండి, ఉప్పూ చక్కెరా కలిపి అందరికీ తలా ఒక గ్లాసు ఇచ్చింది. అప్పుడర్థమైంది నాకు, భయం వేసినప్పుడే పాత నమ్మకం మళ్ళీ తలుపు తడుతుందని. మన ధమ్మం ఎంత గట్టిదో వీడ్కోలు రోజున తెలుస్తుంది.

మరి ధమ్మం తెలిసినవాళ్ళు ఎలా సాగనంపాలి?

సిద్ధార్థుడి గృహత్యాగాన్ని గుర్తు చేసుకోండి. అర్ధరాత్రి, భార్య నిద్రపోతుండగా చెప్పకుండా వెళ్ళిపోయాడని లోకం చెబుతుంది. బాబాసాహెబ్ 'బుద్ధుడు – ఆయన ధమ్మం'లో అలా రాయలేదు. రోహిణీ నది నీళ్ళ కోసం శాక్యులు, కోలియులు తగువు పడ్డారు. యుద్ధం వద్దన్నందుకు సిద్ధార్థుడు దేశం విడవాల్సి వచ్చింది. ఆయన తల్లిదండ్రులకు చెప్పాడు. వాళ్ళు ఏడ్చారు. యశోధరకు చెప్పాడు. ఆమె ఆయన నిర్ణయం సరైనదేనని అంగీకరించి పంపింది. అక్కడ దొంగచాటు లేదు, అబద్ధం లేదు.

మనం నేర్చుకోవాల్సిందీ ఇదే. కన్నీళ్ళు వస్తే రానివ్వండి. ఏడవడం ధమ్మానికి విరుద్ధం కాదు. కానీ ఆ కన్నీటిని బిడ్డ కాళ్ళకు సంకెల చేయొద్దు. అప్పు చేసి పంపుతుంటే ఆ లెక్క కూడా దాచొద్దు. ఎంత తెచ్చాం, వడ్డీ ఎంత, ఏం తాకట్టు పెట్టాం, అంతా కూర్చోబెట్టి చెప్పండి. చెప్పాక మాత్రం ప్రతి ఫోన్‌లోనూ అదే ఎత్తొద్దు. నిజం తెలిస్తే బిడ్డకు బాధ్యత వస్తుంది, పదేపదే దెప్పితే బిడ్డ కుంగిపోతుంది.

విశుద్ధిమగ్గంలో ఆచార్య బుద్ధఘోషుడు ఒక పోలిక చెప్పాడు. ఒక తల్లికి నలుగురు కొడుకులు. ఒకడు పసివాడు, ఒకడు రోగి, ఒకడు నిండు యవ్వనంలో ఉన్నవాడు, ఒకడు తన పనులు తాను చూసుకునేవాడు. పసివాడు పెరగాలని కోరుకోవడం మైత్రి. రోగి కోలుకోవాలని కోరుకోవడం కరుణ. మూడోవాడి యవ్వనం చూసి సంతోషించడం ముదిత. నాలుగోవాడి గురించి ఆరాటపడకుండా ఉండటం ఉపేక్ష.

మన తెలుగులో ఉపేక్ష అంటే పట్టించుకోకపోవడం అనుకుంటాం. ధమ్మంలో అది కాదు. మనసు సమంగా ఉంచుకోవడం ఉపేక్ష. దూరదేశంలో ఉన్న మన ఒక్క బిడ్డలోనే ఆ నలుగురూ ఉంటారు. జ్వరం వచ్చిందని ఫోన్ చేసిన రోజు కరుణ కావాలి. మంచి మార్కులొచ్చిన రోజు ముదిత కావాలి. రెండు రోజులు ఫోన్ రాకపోతే, చదువులో మునిగి ఉంటుందిలే అని ఊరుకోవడానికి ఉపేక్ష కావాలి. అన్నిటికంటే కష్టం ఇదే.

1913లో బాబాసాహెబ్ కొలంబియా విశ్వవిద్యాలయంలో చదవడానికి న్యూయార్క్ వెళ్ళారు. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే తండ్రి రాంజీ కన్నుమూశారు. కొడుకు చదువు కోసం అంత తపించిన ఆ తండ్రికి సాగనంపే భాగ్యం దక్కలేదు. బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్ నెలకు పదకొండున్నర పౌండ్లు. రమాబాయి తల్లి బొంబాయిలో ఉండిపోయింది. కబురు కావాలంటే ఉత్తరం ఓడలో రావాలి. వీడియో కాల్‌లో రోజూ బిడ్డ ముఖం చూసుకునే మనం ఆ తల్లిని ఒకసారి తలుచుకోవాలి.

ఇంకొక్క మాట ఉంది, అందరూ గుసగుసగా చెప్పే మాట. లోపలికి వెళ్ళబోతుంటే నేనూ మా అమ్మాయి చెవిలో అదే చెప్పాను. "అక్కడ మనవాళ్ళు ఎవరైనా అడిగితే కులం చెప్పకు తల్లీ" అని. తను నా వైపు చూసి, "అబద్ధం ఆడొద్దని నాలుగో శీలం నేర్పింది నువ్వే కదా నాన్నా" అంది. నా నోట మాట రాలేదు.

ఇంటికొచ్చాక చాలా ఆలోచించాను. కులం సముద్రం దాటి పోయింది, అది నిజం. అందుకే 2023 ఫిబ్రవరిలో అమెరికాలోని సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది. అక్కడివాళ్ళు నోరు విప్పితేనే అది వచ్చింది. ఎప్పుడు చెప్పాలి, ఎవరికి చెప్పాలి అన్నది బిడ్డ ఇష్టం. జాగ్రత్త కోసం మౌనంగా ఉంటే తప్పు లేదు. సిగ్గుతో దాచుకోమని మాత్రం మనం చెప్పకూడదు. ఆ రాత్రి ఫోన్‌లో, "నా మాట వెనక్కి తీసుకుంటున్నానమ్మా" అని చెప్పాను.

కాబట్టి బంధువులారా, మీ బిడ్డ బయలుదేరే రోజున ముహూర్తాలు చూడకండి. బుద్ధుడి ముందు, బాబాసాహెబ్ ముందు కొవ్వొత్తి వెలిగించి ఇంటిల్లిపాదీ త్రిశరణ పంచశీలాలు చెప్పుకోండి. పది నిమిషాలు కళ్ళు మూసుకుని శ్వాసను గమనిస్తూ కూర్చోండి. తర్వాత ధైర్యంగా పంపండి.

తిరిగొచ్చాక ఇల్లు బోసిపోతుంది. బిడ్డ చదువుకున్న బల్ల ఖాళీగా ఉంటుంది. దాన్ని ఖాళీగా ఉంచకండి. మన పేటలో చదువుకోవడానికి చోటు లేని పిల్ల ఒకతి ఉంటుంది, ఆమెను పిలిచి కూర్చోబెట్టండి. స్కాలర్‌షిప్ దరఖాస్తు నింపడం మీకిప్పుడు తెలుసు, ఆమెకూ నేర్పండి. మా ఇంట్లో ఆ బల్ల దగ్గర ఇప్పుడు ఇద్దరు పిల్లలు చదువుకుంటున్నారు.

నమో బుద్ధాయ! జై భీమ్!