అడగకుండా ఇచ్చిన గ్లాసు

ఆఫీసు పని మీద టోక్యో వెళ్లినప్పుడు ఒక సాయంత్రం అసాకుసాలో రామెన్ తిన్నాను. సెన్సోజీ గుడి దగ్గర, టూరిస్టులు ఒకరినొకరు తోసుకుంటూ నడిచే సందు అది. 1910లో రైరైకెన్ అనే హోటల్ చైనా వంటవాళ్లతో రామెన్ మొదలుపెట్టింది ఈ అసాకుసాలోనే. నేను వెళ్లింది అంత పేరున్నదేం కాదు. గుమ్మం దగ్గర మెషీన్‌లో డబ్బులేసి టికెట్ తీసుకుని, కౌంటర్ ముందు స్టూలు మీద కూర్చోవడమే. కూర్చున్నానో లేదో గ్లాసుడు చల్లటి మంచినీళ్లు నా ముందు పెట్టారు. నేను అడగలేదు, డబ్బులూ తీసుకోలేదు. గటగటా తాగేశాను.

తాగేశాక గుర్తొచ్చింది, ఈ నీళ్లు ఎక్కడివని అడగలేదని. మాది ఉద్దానం. పలాస దాటి సముద్రం వైపు వెళ్తే జీడితోటలు, కొబ్బరితోటలు. చూడ్డానికి పచ్చగా ఉంటుంది. ఆ పచ్చదనం మధ్య ఇంటింటికీ కిడ్నీ రిపోర్టుల ఫైలు ఉండే ఊళ్లున్నాయి. మా చిన్నాన్న డయాలసిస్ మీద ఉన్నాడు. రోజు మొత్తానికి లీటరు లోపు నీళ్లు, కూరలో ఉప్పు పేరుకి మాత్రమే. నా ముందున్న రామెన్ పులుసు అంతా తాగితే ఆయనకు ఒక పూట నీళ్లూ, రోజుకు మించిన ఉప్పూ అయిపోతాయి.

ఇలాంటప్పుడు తప్పు చేస్తున్నట్టు అనిపించడం సులువు. కానీ టోక్యోలో నేను గ్లాసు పక్కన పెట్టినంత మాత్రాన కవిటిలోనో మందసలోనో ఎవరి నీళ్లూ బాగుపడవు. ఇంకో సులువైన దారి కూడా ఉంది: జపాన్ వాళ్ల సంస్కారమే అంత అని మెచ్చుకుని ఊరుకోవడం. మర్యాదలో మావాళ్లేం తీసిపోరు. నేను ఊరెళ్తే చిన్నాన్న ముందుగా చేసే పని వాటర్ క్యాన్ తెప్పించడం. "నువ్వీ నీళ్లు తాగురా, మాకలవాటైపోనాది" అంటాడు. అతిథికి కొన్న నీళ్లు, ఇంట్లోవాళ్లకు బోరు నీళ్లు. సొంత ఊళ్లో నన్ను టూరిస్టుని చేసింది ఆ ప్రేమే.

కాబట్టి అసాకుసా గ్లాసులో ఉన్నది మర్యాద ఒక్కటే కాదు. మళ్లీ రాని టూరిస్టుని మోసం చేయడం ఏ హోటల్‌కైనా తేలికే. అయినా ఆ నీళ్లను నేను అనుమానించలేదంటే, హోటల్ వెనక ఒక ఏర్పాటు ఉంది. అది జపాన్‌కి ఊరికే రాలేదు. తొయామా వైపు జింజూ నదిలో గనుల కాడ్మియం కలిసి జనాల కిడ్నీలు పాడయ్యాయి, ఎముకలు విరిగాయి. రోగులు "నొప్పి, నొప్పి" అని అరిచిన అరుపే ఆ జబ్బుకి పేరైంది, ఇతాయ్ ఇతాయ్ అని. అది కాలుష్యం వల్ల వచ్చిన జబ్బేనని ప్రభుత్వం 1968లో ఒప్పుకుంది. 1971లో బాధితులు కోర్టులో గెలిచారు.

వాళ్లకు వేలు చూపించడానికి ఒక గని దొరికింది. మాకు అదీ దొరకలేదు. ఉద్దానంలో కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. భూగర్భ జలాలా, ఎండలో కష్టమా, నొప్పి బిళ్లలా, అన్నీ కలిసా? శ్రీలంక వరి రైతులకూ, మధ్య అమెరికా చెరకు కూలీలకూ ఇలాంటి జబ్బే వచ్చింది. కారణం తెలుసుకోవాల్సిందే. అయితే కారణం తేలేదాకా మంచినీళ్లకు ఆగాలనడం న్యాయం కాదు. మంచినీళ్లు ఇవ్వడానికి నేరస్థుడు దొరకాల్సిన పనిలేదు.

అది ఆలస్యంగానైనా జరిగింది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రితో పాటు, హిరమండలం రిజర్వాయరు నుంచి వంశధార నీళ్లు తెచ్చే పథకమూ ప్రారంభమైంది. మా వీధికీ కుళాయి వచ్చింది. అయినా చిన్నాన్న నా ముందు క్యానే పెడతాడు. పైపు వచ్చినంత తొందరగా నమ్మకం రాదు కదా.

ఈసారి వెళ్తే కుళాయి నీళ్లే ఇమ్మని అడగాలనుకుంటున్నాను. అలా రెండు రోజులు తాగి వచ్చేస్తే అది కలిసి బతకడమా, నటనా అన్నది మాత్రం తేల్చుకోలేకపోతున్నాను. నేను అడగకుండానే ఆయన ఆ కుళాయి తిప్పి గ్లాసు పట్టి నాకిచ్చే రోజు రావాలి.