రథము మనది, సారథి యెవరివాడు?

కఠోపనిషత్తు మానవుని జీవితమును రథముతో పోల్చినది. దేహము రథము, ఇంద్రియములు గుఱ్ఱములు, మనస్సు పగ్గము, బుద్ధి సారథి, ఆత్మ ఆ రథమున కూర్చున్న యజమాని. సారథి వివేకవంతుడైనచో రథము గమ్యము చేరును. కానిచో గుఱ్ఱములు త్రోవ తప్పును. ఒకనాడు నిజమైన బండికే బుద్ధి వంటి దొకటి అమర్చబడుననియు, దానిని ఊడదీసి వేరొకదానిని బిగించుట ధర్మమా కాదా యను ప్రశ్న గృహస్థుల యిండ్లలో పుట్టుననియు ఆ పోలిక చెప్పిన ఋషికి తోచియుండదు. నేడు ఆ ప్రశ్న పుట్టినది. కారు గల యింట ఇంజనీరింగు చదువు కుమారుడున్నచో భోజనముల వేళ ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట రాకపోదు. ఇది యంత్రముల ముచ్చట మాత్రమే కాదు. సొత్తు ఎక్కడ ముగియును, బాధ్యత ఎక్కడ మొదలగును అను పాత ప్రశ్నయే క్రొత్త వేషమున మన ముంగిట నిలిచినది.

ముందుగా ఆ సారథి చేయు పని యేమో తెలిసికొందము. పూర్వము కార్బురేటరు గల బండ్లలో గాలిని పెట్రోలును కలుపు పనిని చిన్న రంధ్రములు, సూదులు, స్ప్రింగులు చేసెడివి. మేస్త్రీ మర త్రిప్పి, చెవితో విని, సరిచేసెడివాడు. 1967లో జర్మనీలోని బాష్ సంస్థ ఫోక్స్‌వ్యాగన్ 1600 బండికై విద్యుత్సాధనముతో పెట్రోలు చిమ్ము పద్ధతిని పెద్దయెత్తున ప్రవేశపెట్టినది. 1979లో అదే సంస్థ ఇంధనము చిమ్ముటను, నిప్పురవ్వ పుట్టించుటను ఒకే కంప్యూటరు చేతిలో పెట్టినది. నేటి బండ్లలో దానిని మెకానిక్కులు ఈసీయూ అందురు. క్రాంకుషాఫ్టు ఏ కోణమున నున్నదో, లోనికి ఎంత గాలి వచ్చుచున్నదో, ఇంజను ఎంత వేడెక్కినదో, పొగగొట్టములో ఎంత ప్రాణవాయువు మిగిలినదో సెన్సర్ల వలన గ్రహించి, ఎంత ఇంధనము, ఏ క్షణమున అని అది నిర్ణయించును. నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను నిమిషమునకు 3000 సార్లు తిరుగుచున్నపుడు ఆ నిమిషములో 6000 నిప్పురవ్వలు పుట్టును. ప్రతి రవ్వకు వేళ నిర్ణయించునది ఆ పెట్టెయే.

ఇందులో మనము గమనింపవలసిన విషయ మొకటి కలదు. పెట్రోలు ఒక పాలు పూర్తిగా కాలుటకు తూకమున 14.7 పాళ్ల గాలి కావలెను. మిశ్రమము ఈ లెక్కకు మిక్కిలి చేరువగా ఉన్నంతవరకే పొగగొట్టములోని కెటలిటిక్ కన్వర్టరు విషవాయువులను సరిగా శుద్ధిచేయగలదు. కావున ఈసీయూ లోపల కూర్చున్నవాని పాదము చెప్పిన ఆజ్ఞను వినుచునే, వెలుపల నడచువాని ఊపిరిని కూడ లెక్కలోనికి తీసికొనుచుండును. ఒక్క సారథి ఇద్దరి కొలువు చేయుచున్నాడు. మన చర్చ అంతయు ఈ ఒక్క విషయముపైననే తిరుగును.

ఈ సారథి విషయమున జోక్యము చేసికొనుటకు మూడు మార్గములు గలవు. మొదటిది, కంపెనీ పెట్టెను అట్లే యుంచి అందలి లెక్కల పట్టికలను తిరిగి వ్రాయుట. దీనిని రీమ్యాప్ అందురు. రెండవది, సెన్సరునకు ఈసీయూకు నడుమ చిన్న పెట్టె నొకదానిని తగిలించుట. డీజిలు బండ్లకు అమ్ము ఇట్టి పెట్టె లలో పెక్కు, ఇంధనపు పీడనము ఉన్నదానికంటె తక్కువగా నున్నట్లు ఈసీయూకు చెప్పును. అది నమ్మి పీడనము పెంచును. ఇంజనుకు బలము హెచ్చును. మూడవది, కంపెనీ పెట్టెను తొలగించి వేరొకరు చేసిన స్వతంత్రమైన కంప్యూటరును బిగించుట. 2001 ప్రాంతమున అమెరికాలో బ్రూస్ బౌలింగ్, ఆల్ గ్రిప్పో అనువారు, ఔత్సాహికులు ఇంటనే టంకము వేసి కూర్చుకొనదగిన మెగాస్క్విర్ట్ అను సాధనమును రూపొందించిరి. నాటినుండి ఈ విద్య సామాన్యులకు కూడ అందినది.

మొదటిది సారథికి క్రొత్త పాఠము చెప్పుట. రెండవది సారథితో అబద్ధమాడుట. మూడవది సారథిని మాన్పి మరియొకని నియమించుట. మూడింటిలో సాహసమెక్కువ మూడవదానికి. నేటి కారులో ఈసీయూ ఒంటరి కాదు. గేరుపెట్టె, బ్రేకులు, తాళపుచెవిని గుర్తించు సాధనము, ముందుండు మీటర్లు అన్నియు 1986లో బాష్ సంస్థ వెలువరించిన క్యాన్ అను పద్ధతి ననుసరించి, తమలో తాము మాట్లాడుకొనుచుండును. క్రొత్తగా వచ్చిన కంప్యూటరునకు ఆ భాష రానిచో తక్కినవి దానితో పలుకవు. కొన్ని పని మానివేయును. పరభాషా ప్రాంతమున కాపురము పెట్టి, ఆ యూరి భాష నేర్చి, అంగడి నడుపుకొన్న మన పెద్దలకు ఈ చిక్కును విడమరచి చెప్పనక్కరలేదు.

మరి జనులు ఇంత శ్రమ ఏల పడుచున్నారు? కారణము లన్నియు దురాశలు కావు. తయారీ నిలిచిపోయిన బండికి అసలు పెట్టె దొరకక వేరొకటి వెదకువారు కలరు. యంత్రము లోపలి రహస్యము తెలిసికొనవలెనను జిజ్ఞాసువులు కలరు. వేగమే కావలెననువారును కలరు. వీరందరికంటె ధర్మసంకటమున పడువాడు సామాన్య గృహస్థు. 2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతట బీఎస్-6 నియమములు అమలునకు వచ్చినవి. ఆ నియమముల ప్రకారము వచ్చిన డీజిలు కార్లలో మసిని పట్టియుంచు వడపోత కలదు. దానిని డీపీఎఫ్ అందురు. పట్టిన మసి 600 డిగ్రీల ప్రాంతపు వేడిమిలో కాలిపోవలెను. నాందేడునుండి నిజామాబాదునకో హైదరాబాదునకో పోయివచ్చు బండికి అట్టి వేడిమి దొరకును; బజారునకు, బడికి, స్టేషనునకు మాత్రమే తిరుగు బండికి దొరకదు. వడపోత మూసికొనిపోవును, ముందు దీపము వెలుగును, మరమ్మతు ఖర్చు గుండె ఝల్లుమనిపించును. అప్పుడెవరో చెవిలో ఊదుదురు: "వడపోతను తీసివేయుదము, అది లేదని కంప్యూటరునకు చెప్పుదము, తక్కువలో పోవును." బండి మునుపటికంటె చురుకుగా నడచును. గృహస్థు సంతోషించును. మసి మాత్రము వెనుక వచ్చు ఆటోలోని పసిబిడ్డ ఊపిరితిత్తులకు చేరును.

ఇక యజమాని పక్షము వినుట న్యాయము. "సొమ్ము నాది, బండి నాది, లోపలి బుద్ధి మాత్రము కంపెనీదా?" అని అతడడుగును. ఈ ప్రశ్న తేలికగా త్రోసివేయదగినది కాదు. తాను కొన్న వస్తువును తెరచి చూచుటకు, మరమ్మతు చేసికొనుటకు మనుష్యునకు సహజమైన హక్కు కలదు. అమెరికాలో కాపీరైటు చట్టము పేర ఈసీయూ సాఫ్ట్‌వేరునకు తాళము వేసినపుడు ఈ వాదము ప్రభుత్వము ముందునకు వచ్చినది. యజమానులకు అనుమతి ఇచ్చినచో పొగ నియంత్రణను చెడగొట్టుదురని 2015 జూలైలో ఆ దేశపు పర్యావరణ పరిరక్షణ సంస్థ అభ్యంతరము తెలిపినది. రెండు నెలలు తిరిగిన తరువాత, సెప్టెంబరు 18న, అదే సంస్థ ఫోక్స్‌వ్యాగన్ కంపెనీకి నోటీసు పంపవలసి వచ్చినది. ఏలయన, యజమానులు చేయుదురేమో యని భయపడిన పనిని కంపెనీయే చేసియుండెను.

ఆ డీజిలు కార్ల సాఫ్ట్‌వేరు, చక్రములు దొర్లుచున్నను స్టీరింగు కదలకుండుట మొదలగు గుర్తులనుబట్టి తనకు పరీక్ష జరుగుచున్నదని కనిపెట్టెడిది. పరీక్షలో శుద్ధముగా నడచి, రోడ్డుపై నత్రజని ఆక్సైడులను పరిమితికి 40 రెట్ల వరకు వదలెడిది. వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయపు పరిశోధకులు పరికరములను కారులోనే పెట్టి రోడ్డుపై కొలిచినందున గుట్టు బయటపడినది. ప్రపంచమున అట్టి బండ్లు సుమారు 1 కోటి 10 లక్షలు. మన దేశమున పుణేలోని ఏఆర్ఏఐ పరీక్షల పిమ్మట 2015 డిసెంబరులో ఆ కంపెనీ సుమారు 3 లక్షల 23 వేల కార్లను వెనుకకు పిలిపించుటకు పూనుకొన్నది. 2019 మార్చిలో జాతీయ హరిత ట్రిబ్యునలు 500 కోట్ల రూపాయల జరిమానా విధించినది. మే నెలలో సుప్రీంకోర్టు ఆ విషయమున బలవంతపు చర్యలు తీసికొనరాదని ఆదేశించినది.

మన భారతకథలో ఇట్టి సారథి ఒకడు కలడు. శల్యుడు కర్ణుని రథమును నడపెను; కాని ధర్మరాజునకు ఇచ్చిన మాట ప్రకారము కర్ణుని ధైర్యమును హరించుచునే నడపెను. శల్యసారథ్య మన్నది మన భాషలో సామెతయే యైనది. తన రథమున తనకు తెలియని ప్రతిజ్ఞ చేసిన సారథి ఉండుట రథికునకు అన్యాయము. కావుననే లోపలి బుద్ధి ఏమి చేయుచున్నదో చూచుటకు యజమానికి హక్కు ఉండవలెననుట సమంజసము. 2015 అక్టోబరులో అమెరికా ప్రభుత్వము కొన్ని షరతులతో ఆ సడలింపు ఇచ్చినది కూడ.

అయినను ఒక మాట. కంపెనీ శల్యుడైనంత మాత్రాన మనమును శల్యులము కావచ్చునా? చూచు హక్కు వేరు. చూచి, మార్చి, దాచు హక్కు వేరు. మొదటిది యజమాని కున్నది. రెండవది ఎవరికిని లేదు, కంపెనీకి ఎట్లు లేదో మనకును అట్లే.

ఈ భేదమును తెలిసికొనుటకు మన జిల్లా దాటి పోనక్కరలేదు. ధర్మాబాదు తాలూకాలో గోదావరిపై బాబ్లీ బరాజు కలదు. గేట్లు 14, నిలువ 2.74 టీఎంసీలు. దిగువన శ్రీరాంసాగరము. మనలో కొందరికి ఎగువన పొలము, దిగువన వియ్యాలవారు. కావున ఆ వివాదమున ఏ పక్షమువారి బాధయో మనకు తెలియనిది కాదు. 2013 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. బరాజును కూల్చుమని చెప్పలేదు. మీ భూమిపై మీ యిష్టమనియు చెప్పలేదు. జూలై 1 నుండి అక్టోబరు 28 వరకు గేట్లు ఎత్తియుంచవలెనని, మార్చి 1న 0.6 టీఎంసీల నీరు దిగువకు విడువవలెనని, ఇది సరిగా జరుగుచున్నదో లేదో ఇరు రాష్ట్రముల ప్రతినిధులు, కేంద్ర జలసంఘపు ప్రతినిధి కూడిన సంఘము చూడవలెనని నిర్ణయించినది. గేటు ఒకరి నేలపై ఉండవచ్చును, ప్రవాహము అందరిది, కావున గేటు కదలిక దిగువవారి కంటికి కనబడవలెను. ఈసీయూ కూడ ఒక గేటే. గాలియు ఒక నదియే. అందులో మన పొగగొట్టమునకు దిగువన నున్నవాడు పొరుగువాడు.

మన చట్ట మేమి చెప్పుచున్నది? 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగము, కంపెనీ నిర్దేశించిన స్వరూపమునకు భిన్నముగా బండిని మార్చరాదనును. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దానిని గట్టిగా సమర్థించినది. అదే సంవత్సరపు సవరణ, అనుమతి లేని ప్రతి మార్పునకు 5000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండును గాని నిర్ణయించినది. కాని ఇదే చట్టము సీఎన్‌జీ కిట్లకు ద్వారము తెరచినది. ఆ కిట్టులో ప్రత్యేకమైన కంప్యూటరు కలదు. అది పెట్రోలు ఈసీయూ ఆజ్ఞలను చదివి, వానికి తగినట్లు వాయువును చిమ్మించును. అనగా బయటి కంప్యూటరును అమర్చుట స్వతః పాపమని చట్టమే అనుకొనుటలేదు. పరీక్షింపబడిన కిట్టు, అధికారము గల వర్క్‌షాపు, రిజిస్ట్రేషను పత్రమున నమోదు కావలెనని మాత్రమే కోరుచున్నది. ఇది ఉత్తమమైన మాదిరి. ఇంజను కంప్యూటర్లన్నింటికి ఇట్టి ద్వార మొకటి తెరచి, మార్చినవాడు బండిని తెచ్చి పొగను కొలిపించుకొని నమోదు చేయించుకొను పద్ధతి ఏర్పరచుట న్యాయము. తలుపే లేని గోడకు కన్నము వేయువారు పెరుగుదురు. కాని తలుపు పెట్టువరకు కన్నము వేయుట ధర్మమని దీనికి అర్థము కాదు.

పీయూసీ పత్రము చేతనున్నదిగదా యని కొందరు తృప్తిపడుదురు. పెట్రోలు బండిని నిలిపి కార్బన్ మోనాక్సైడును, హైడ్రోకార్బనులను, డీజిలు బండిలో పొగ సాంద్రతను మాత్రమే ఆ పరీక్ష కొలుచును. నత్రజని ఆక్సైడుల జోలికి పోదు. జల్లెడ కన్నములు పెద్దవైనచో జారినదెల్ల మేలి పిండి కాదు.

అట్లయిన మన యింటి యువకునకు ఏమి చెప్పవలెను? విద్యను మానుమని చెప్పరాదు. పాత ఇంజనును చట్రముపై నిలిపి, కళాశాల వర్క్‌షాపులో క్రొత్త కంప్యూటరు తగిలించి, పొగను కొలిచి నేర్చుకొనిన అది తపస్సు వంటిది. పోటీలకై మూసిన మైదానములలో నడపు బండ్లకు ఆ విద్యయే ఆధారము. ప్రజల రోడ్డుపై నడచు బండి విషయమున మాత్రము ఒక్క ప్రశ్న వేసికొమ్మని చెప్పవలెను: "నేను చేసిన మార్పును భీమా కంపెనీకి, రేపు ఈ బండిని కొనువానికి, పరీక్షించు అధికారికి, వెనుక వచ్చువానికి దాపరికము లేక చెప్పగలనా?" చెప్పగలిగినది మార్పు. చెప్పలేనిది మోసము. బలము ఎన్ని గుఱ్ఱములు హెచ్చినను ఈ తూనిక మారదు.

పెద్దలకును ఒక మనవి. వడపోత ఖర్చునకు వెఱచి "ఎవరు చూచిరి?" అని మనమే అన్నచో, పిల్లలకు చెప్పుటకు ధర్మము మిగులదు. నిలువునా రెండు భాషల నడుమ, రెండు రాష్ట్రముల నడుమ బ్రతుకు మనకు ఈ నేలపై నిలిచిన గౌరవము, మన తాతలు తూకములో, మాటలో చూపిన నిజాయితీ వలన వచ్చినది. వారి త్రాసు నలుగురు చూచుచుండగా తూగెడిది. మన బండిలోని త్రాసు బానెట్టు క్రింద ఎవరికిని కనబడక తూగుచున్నది. కనబడని త్రాసును సరిగా ఉంచుకొనుట మరింత కష్టము. కావుననే మరింత అవసరము.