అమ్మ మొక్కు ఎవరి బాకీ?

తల్లిదండ్రుల్ని గౌరవించమనేది కాథలిక్కుల లెక్కలో నాలుగో ఆజ్ఞ. దేవుడికిచ్చిన మాట తప్పకూడదన్నదీ ఆ విశ్వాసమే. మరి ఆ మాట మన పేరు మీద అమ్మ ఇచ్చేసి ఉంటే?

ఏటా ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా గుణదల మాత ఉత్సవాలకి వెళ్ళేవాళ్ళలో చాలామంది మొక్కు తీర్చుకోడానికే వెళ్తారు. ఎప్పుడో జ్వరంతో మూలుగుతున్న పసివాడి పక్కన కూర్చుని, "వీడు బతికితే ఫాదర్ని చేస్తాను తల్లీ" అని ఒకామె మొక్కుకుందనుకుందాం. ఆ పిల్లవాడిప్పుడు నాచారంలో ఉంటూ, ఉప్పల్లో మెట్రో ఎక్కి హైటెక్ సిటీకి ఉద్యోగానికి పోతున్నాడు. సెమినరీ పక్కనే, రామంతపూర్‌లోనే ఉంది. అతను పెళ్ళి మాటెత్తితే ఆమె గుండెల్లో గుబులు.

1983 నాటి కానన్ చట్టం ఇక్కడ స్పష్టంగా ఉంది. మొక్కు తీర్చాల్సిందే, కానీ అది మొక్కుకున్నవాళ్ళని మాత్రమే కట్టిపడేస్తుంది. ఎవర్నీ బలవంతంగా గురువుని చేయకూడదు కూడా. మరి హన్నా తన కొడుకు సమూయేలుని దేవుడికి మొక్కుకోలేదా? మొక్కుకుంది. కానీ ఆ కథలో రాత్రిపూట దేవుడు పిలిస్తే పలికింది సమూయేలే, తల్లి కాదు.

అయితే కొడుకు చేతులు దులుపుకోవచ్చా? మార్కు సువార్త ఏడో అధ్యాయంలో, తమ ఆస్తి దేవుడికి 'కొర్బాన్' అయిపోయిందని చెప్పి తల్లిదండ్రుల్ని ఆదుకోకుండా తప్పించుకునేవాళ్ళ ప్రస్తావన ఉంది. ఆ పద్ధతిని యేసు గట్టిగా ఖండించాడు. వాళ్ళు మొక్కుని అడ్డం పెట్టుకున్నారు. "అది నీ మొక్కు, నాకేం సంబంధం?" అనే కొడుకు చట్టాన్ని అడ్డం పెట్టుకుంటాడు. నా దృష్టిలో అదీ కొర్బానే.

1992లో వెలువడిన సత్యోపదేశ గ్రంథం విధేయతనీ గౌరవాన్నీ విడదీస్తుంది. పిల్లలు సొంతకాళ్ళ మీద నిలబడ్డాక మొదటిది ముగుస్తుంది, రెండోది ముగియదు. ముసలితనంలో, జబ్బులో, ఒంటరితనంలో అమ్మానాన్నల్ని ఆదుకోవాలి. దేవుడికి మాట తప్పానేమోనన్న భయం కన్నా పెద్ద ఒంటరితనం ఆ తల్లికేముంటుంది?

దానికీ చట్టంలో దారుంది. మొక్కుకున్న మనిషి దాన్ని అంతే మంచిదైన, లేదా అంతకన్నా మంచిదైన మరో పనికి మార్చుకోవచ్చు. తగిన కారణముంటే విచారణ గురువే విడుదల ఇవ్వొచ్చు. కొడుకు ఫాదర్ కానక్కర్లేదు. కానీ ఒక ఆదివారం పూజ అయ్యాక అమ్మని వెంటబెట్టుకుని ఫాదర్ దగ్గరికి వెళ్ళి, ఆమె చెప్పుకునేదంతా పూర్తయ్యేదాకా పక్కన కూర్చోవాలి. ఆ బాకీ మాత్రం అతనిదే.