వాడిన సెల్లును ఎక్కడ విడువవలెను?



ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ తెలియనివారు మన ఇండ్లలో అరుదు. కల్యాణములో శరణుల ముంగిళ్ళలో రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చి, వండి, జంగమారాధన చేయుట వారి కాయకము. ఒకనాడు మారయ్య మామూలుకంటె ఎక్కువ బియ్యము తెచ్చినాడు. లక్కమ్మ సంతోషింపలేదు. నేటికి చాలినదానికి మించి ఎందుకు తెచ్చితివని అడిగి, మిగిలినదానిని తెచ్చిన చోటనే పోసి రమ్మని మగనిని తిరిగి పంపినది. ఆశ కూడదని చెప్పుటకే ఈ కథను మనము సాధారణముగా వాడుకొందుము. నాకు ఇందులో మరి రెండు మాటలు వినిపించును. పనికివచ్చు వస్తువు నేలపై పడియుండగా దానిని ఏరుట కూడ పూజయే అన్నది మొదటి మాట. మనకు అక్కరలేని దానిని దాని చోటికి చేర్చు బాధ్యత మనదే అన్నది రెండవ మాట. దారిలో ఎక్కడనో పారబోసి రమ్మని లక్కమ్మ చెప్పలేదు కదా!

ఈ రెండు మాటలను మన ఇండ్లలోని ఒక చిన్న వస్తువునకు అన్వయించి చూతము. ఆ వస్తువు పెన్సిల్ సెల్లు. ఇది కూడ ధర్మప్రసంగమునకు తగిన విషయమా అని కొందరు నవ్వవచ్చును. గింజలేరుట కాయకమైన మతములో సెల్లును గూర్చి మాటలాడుటకు సిగ్గుపడనక్కరలేదు.

హయత్‌నగర్‌లో ఏ ఇంటిలో చూచినను గోడగడియారములో ఒక సెల్లు, టీవీ రిమోట్‌లో రెండు, పిల్లల ఆటబొమ్మలో మూడో నాలుగో, బ్యాటరీ లైటులో మరి రెండు ఉండును. శక్తి అయిపోగానే తీసి చెత్తబుట్టలో వేయుదుము. మరునాటి ఉదయము చెత్త ఆటో వచ్చి తీసికొని పోవును. అంతటితో మనకు సంబంధము తీరినదని అనుకొందుము.

తీరినదా? మామూలు సెల్లు అనగా జింకు డొల్ల, నడుమ ఒక బొగ్గు కడ్డీ, చుట్టును మాంగనీసు నల్లపొడి, దానిని తడిపిన లవణద్రావణము. 1866లో ఫ్రాన్సు దేశీయుడు లెక్లాంషే రూపొందించిన ఘటమునకు ఇది వారసురాలు. వెలుతురు నిచ్చుట మానినను ఆ జింకు, ఆ మాంగనీసు, పై ఉక్కు తొడుగు లోపలనే ఉండును. శక్తి పోయినది కాని పదార్థము పోలేదు. వానకు ఎండకు పడియున్న సెల్లు తుప్పుపట్టి పగిలి లోనిదానిని మట్టిలోనికి వదలును. నేటి పెన్సిల్ సెల్లులలో పాదరసము దాదాపు లేదు. భయపెట్టుటకై అబద్ధము చెప్పుట సదాచారము కాదు. అయితే పాత బటన్ సెల్లులలో పాదరసము, నికెల్-కాడ్మియం సెల్లులలో కాడ్మియము ఉండును. కాడ్మియము నీటిలో కలిసిన ఏమగునో జపాను దేశములో జింజు నదీతీర గ్రామములవారు అనుభవించినారు. గని నుండి నదిలో కలిసిన కాడ్మియమువలన ఎముకలు మెత్తబడి, కదలినచో విరిగి, వారు ‘నొప్పి నొప్పి’ అని ఏడ్చిరి. ‘ఇటాయి ఇటాయి’ అను ఆ మాటయే జబ్బుకు పేరైనది. కారణము ఇదియేనని 1968లో అక్కడి ప్రభుత్వము ఒప్పుకొన్నది.

జపాను వరకు పోవనేల? ఒకప్పుడు భాగ్యనగరపు చెత్త మన పొరుగుననే, ఆటోనగర్ వద్ద గుట్టలుగా పోయబడెడిది. ఆ గుట్టను మూసిన పిమ్మట నగరపు చెత్త జవహర్‌నగర్‌కు చేరినది. మన ముక్కుకు వాసన తగ్గినది, అక్కడివారికి మొదలైనది. ఆ గుట్ట నుండి ఊరిన నల్లని ద్రవము క్రిందనున్న మల్కారం చెరువును పాడుచేసిన సంగతి పత్రికలు చదువువారందరు ఎరుగుదురు. ఆ నలుపంతయు సెల్లులదే అనుట అన్యాయము, కాని అందులో మన ఇంటి సెల్లుల పాలు లేదనుట అంతకంటె అన్యాయము.

పాదోదకము మన అష్టావరణములలో ఒకటి. ఇష్టలింగమునకు అభిషేకించు నీరు ఏ బావిదైనను, ఏ బోరుదైనను భూమిలోనిదే. మన ఊరి హయత్ బక్షీ మసీదు చెంతనున్న హాథీ బావిని చూచినవారికి ఒక సంగతి తట్టును. కుతుబ్‌షాహీల కాలమున బందరు బాటలో పోవు బాటసారులకు ఇచట సరాయి ఉండెడిది. నీరు ఏ కులమువాడు, ఏ మతమువాడు త్రాగునో తెలియక ముందే బావి త్రవ్వినవారు వారు. ఎవరు త్రాగునో తెలియని నీటిలో మనము విషము విడుచుట ఏమి మర్యాద? ఒక ఊరి చెరువును చెరిచి మన ఇంట పాదోదకమును కన్నులకద్దుకొనుట శివాచారమగునా? జంగముడు జవహర్‌నగర్‌లోను ఉన్నాడు.

దీనికి రెండు పనులున్నవి. మొదటిది తక్కువ సెల్లులను చంపుట. మరల ఛార్జి చేయదగిన నికెల్ హైడ్రైడు సెల్లులు 1989 నుండి అంగళ్ళలో ఉన్నవి. వెల మొదట ఎక్కువ, ఛార్జరు ఖర్చు వేరు. జాగ్రత్తగా వాడినచో వందల పర్యాయములు నింపుకొనవచ్చును. పిల్లవాని బొమ్మ నెలకు నాలుగు సెల్లులు తిన్నచో ఏడాదికి నలుబది ఎనిమిది. అంత పనిని నాలుగు సెల్లులే ఏండ్ల తరబడి చేయగలవు. అయితే అన్నిటికి ఇవి తగవు. గోడగడియారము ఒక్క సెల్లుతో ఏడాది పైగా నడచును, దానికి మామూలు సెల్లే చాలును. కరెంటు ఎక్కువగా త్రాగు బొమ్మలు, బ్యాటరీ లైట్లు, కెమెరాలు వీనికి తగినవి. ఛార్జరు నిండగానే తనంత తాను ఆగునది కొనవలెను. పాతది క్రొత్తది ఒకే వస్తువులో కలుపరాదు. మామూలు సెల్లును ఛార్జరులో పెట్టుట ప్రమాదము, అది కారును, పగులును. బటన్ సెల్లులను పసిపిల్లలకు అందనీయరాదు. మ్రింగినచో గొంతును గంటలలో కాల్చివేయును. అమ్మలు దీనిని మరువరాదు.

రెండవ పని చచ్చినదానిని చేరవలసిన చోటికి చేర్చుట. ఇది ఇప్పుడు శాసనము కూడ. 2022 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వము బ్యాటరీ వ్యర్థముల నిర్వహణ నియమములను ప్రకటించినది. 2001 నాటి పాత నియమములు సీసపు బ్యాటరీలకే పరిమితము. క్రొత్తవి చిన్న సెల్లులకు కూడ వర్తించును. ఉత్పత్తిదారులే సేకరించి లోహములను తిరిగి తీయించవలెను, వాడినవారు ఇంటి చెత్తలో కలుపక వేరుగా అప్పగించవలెను. సెల్లుపై కొట్టివేయబడిన చెత్తడబ్బా బొమ్మ కనిపించిన, దాని అర్థము ఇదియే. మారయ్య బియ్యము తిరిగి పోసినట్లు, తయారీదారుడును మనమును మిగిలినదానిని తిరిగి ఇచ్చుట. అట్లు చేరిన సెల్లును నలిపి, అయస్కాంతముతో ఉక్కును, కొలిమిలోనో ఆమ్లములోనో జింకు, మాంగనీసు, నికెల్‌లను వేరుచేయుదురు. నికెలు, కోబాల్టు, లిథియము మన దేశము విదేశముల నుండి తెచ్చుకొనుచున్నది. మన చర్లపల్లిలోనే సి-మెట్ అను ప్రభుత్వ పరిశోధనశాల ఎలక్ట్రానిక్ వ్యర్థముల నుండి లోహములు తీయు విద్యపై పనిచేయుచున్నది.

చిక్కు నడుమనున్నది. ఒక్క సెల్లు పట్టుకొని సేకరణ కేంద్రమునకు ఎవరు పోవుదురు? తుక్కు కొట్టువాడు ఒకటి రెండింటిని తీసికొనడు. తీసికొన్నను సుత్తితో పగులగొట్టి ఉక్కును ఉంచుకొని నల్లపొడిని కాలువలో వదలును. ఆ పొడి పీల్చు కుర్రవాడు కూడ కాయకజీవియే. కనుక ఇది ఒక్క ఇంటి పని కాదు, మఠముల పని, సంఘముల పని. దాసోహపు బియ్యము కొరకు ఇంటింట పిడికెడు పట్టుట మనకు క్రొత్త కాదు. అదే తీరున ప్రతి మఠములోను, బసవ జయంతి జరుపు ప్రతి సంఘములోను మూతగల ప్లాస్టికు డబ్బా ఒకటి పొడిచోట ఉంచి, ఇండ్లలోని సెల్లులను అందులో వేయించవలెను. వేయుటకు ముందు బటన్ సెల్లులకు, లిథియం సెల్లులకు రెండు కొనలను టేపుతో మూయవలెను, లేనిచో ఒకదానికొకటి తగిలి నిప్పు రాజుకొనును. ఉబ్బిన ఫోను బ్యాటరీని డబ్బాలో వేయక ఇసుకలో విడిగా ఉంచవలెను. డబ్బా నిండగానే కాలుష్య నియంత్రణ మండలి అనుమతి గల సేకరణదారునికి అప్పగించి, రసీదు తీసికొని, దాసోహపు లెక్కల పుస్తకములో వ్రాసి ఉంచవలెను.